లాంగ్‌టర్మ్‌కి పంపే ముందు ఆ ప్రశ్నపత్రం ముందేసుకోండి

జూన్ వచ్చేసరికి కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు బైపీసీ పిల్లలున్న ఇళ్లలో రెండు లెక్కలు ఒకేసారి నడుస్తుంటాయి. వేలంలో పొగాకు బేలు ఎంత పలికింది, మెడిసిన్ ప్రవేశ పరీక్ష నీట్‌లో పిల్లకి ఎంత వచ్చింది. నెల్లూరు వైపయితే పొగాకు బదులు ధాన్యం ఉంటుంది, సముద్రం వారన రొయ్యల చెరువు ఉంటుంది, గూడూరు, పొదలకూరు దిక్కున నిమ్మకాయల బస్తా ఉంటుంది. ఆ డబ్బు చేతిలో ఆడే నెలల్లోనే లాంగ్‌టర్మ్, అంటే సీటు రాని పిల్లలు నీట్ కోసం ఇంకో ఏడాది తీసుకునే కోచింగ్, ఫీజు కోసం ఫోన్లు కూడా మొదలవుతాయి. ‘‘ఏం నాయనా, లాంగ్‌టర్మ్‌కి పోతావా?’’ అని తండ్రి అడుగుతాడు. పిల్లవాడు తలూపుతాడు. పరుపు, బకెట్టు, ట్రంకుపెట్టె బండెక్కుతాయి. ఒక పిల్లవాడి పద్దెనిమిదో ఏడు మొత్తం ఎక్కడ, ఎలా గడవాలన్న నిర్ణయం చాలా ఇళ్లలో వారం పది రోజుల్లో తేలిపోతోంది.

ఇంత తొందర ఎక్కడి నుంచి వస్తోందో తేదీలు చూస్తే అర్థమవుతుంది. నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం జరుగుతుంది. 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది. ఫలితాలు 2024లో జూన్ 4న, 2025లో జూన్ 14న వచ్చాయి. లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లు మాత్రం ఫలితం కోసం ఆగవు. మే నెలాఖరుకే ‘ఫస్ట్ బ్యాచ్’ అంటారు, ఇప్పుడే చేరితే ఫీజులో రాయితీ అంటారు, పీఆర్వోలు ఇంటికే వస్తారు. అటు సీటు వస్తుందా రాదా అనేది ఖాయంగా తేలాలంటే కౌన్సెలింగ్ చివరి విడత దాకా ఆగాలి. అప్పటికి వానాకాలం అయిపోతుంది. అంటే డబ్బు ముందు కట్టి, ర్యాంకు తర్వాత చూసి, సీటు సంగతి ఆఖర్న తెలుసుకుంటున్నాం. వరస తిరగబడింది. ఈ వరసను కాస్త సరిచేసుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

ఈ తొందరలో పనికొచ్చే సంగతి ఒకటుంది. కోచింగ్ సెంటర్ల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి సరిపడా డబ్బు, హాస్టల్ ఫీజుతో సహా, పది రోజుల్లో తిరిగివ్వాలి. ఇది కాగితం మీద ఉన్న మాటే, ప్రతిచోటా దానంతటదే అమలవుతుందని నమ్మి కూర్చోలేం. అందుకే చేరే రోజే ‘‘సెకండ్ ఫేజ్‌లో సీటొస్తే ఎంత వాపసు ఇస్తారు?’’ అని అడిగి, రసీదు మీదో అప్లికేషన్ ఫారం మీదో రాయించుకోవాలి. నోటిమాటగా చెప్పి, రాసివ్వమంటే నసిగే చోట డబ్బు కట్టకపోవడమే మంచిది.

మన దగ్గర దీన్ని గ్యాప్ ఇయర్ అని ఎవరూ అనరు. లాంగ్‌టర్మ్ అంటారు. ఎంసెట్ రోజుల నుంచీ ఉన్న మాటే. 2017 నుంచి మన రాష్ట్రంలో మెడిసిన్ సీట్లు నీట్ ర్యాంకుతో నింపడం మొదలైంది, మాట మాత్రం మారలేదు. ఇంజినీరింగ్ వైపు జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి వరసగా రెండేళ్లలో రెండు అవకాశాలే. నీట్‌కి అలాంటి కట్టుబాటు లేదు. ఎన్నిసార్లయినా రాయొచ్చు. గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో ఎత్తేశారు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉంటే చాలు. అవకాశంగా చూస్తే ఇది మంచిదే. కానీ ‘ఇక చాలు’ అని చెప్పే గేటు పరీక్ష వైపు లేదు కాబట్టి, ఆ గేటు ఇంట్లోనే పెట్టుకోవాలి. ఈ ఒక్క కారణం చాలు, నీట్ లాంగ్‌టర్మ్ గురించి జేఈఈ కంటే రెండింతలు ఆలోచించడానికి.

ఇక అసలు పనికి వద్దాం. మార్కులు చూసి లాంగ్‌టర్మ్ నిర్ణయించేవాళ్లే ఎక్కువ. ‘‘నాలుగొందలు దాటింది కదా, ఇంకో ఏడాది కూర్చుంటే ఐదొందల యాభై వస్తాయి’’ అనేస్తారు. ఆ నూటయాభై ఎక్కడి నుంచి రావాలో ఎవరూ చెప్పరు. చెప్పగలిగేది ఒక్కటే: ఈసారి రాసిన పేపరు. నీట్ ప్రశ్నపత్రం పిల్లలు ఇంటికి తెచ్చుకోవచ్చు. పిల్లలు జవాబులు దిద్దిన ఓఎమ్మార్ షీటు స్కాన్, సరైన జవాబుల ప్రాథమిక కీ, పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సంస్థ వెబ్‌సైటులో పెడుతుంది. కీ తప్పనిపిస్తే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. ఈ మూడు కాగితాలూ కలిపి పెట్టుకుని ఒక పూట కూర్చుంటే, ఏ కెరీర్ కౌన్సెలరూ చెప్పలేనిది తెలుస్తుంది.

కావలిలో ఒక ఇల్లు అనుకుందాం. అమ్మాయికి 412 వచ్చాయి. భోజనాల బల్ల తుడిచి, పేపరు పరిచారు. బయాలజీ 90 ప్రశ్నల్లో 74 ఒప్పు, 12 తప్పు, 4 వదిలేసింది. ఒప్పుకి నాలుగు, తప్పుకి ఒకటి కోత, అంటే 284. కెమిస్ట్రీ 45లో 22 ఒప్పు, 13 తప్పు, 10 వదిలేసింది. 75 మార్కులు. ఫిజిక్స్ 45లో 16 ఒప్పు, 11 తప్పు, 18 వదిలేసింది. 53 మార్కులు. ఇంతవరకు ఎవరైనా లెక్కేస్తారు. అసలు పని ఇక్కడి నుంచి మొదలు. తప్పుపోయిన 36 ప్రశ్నల దగ్గరా, వదిలేసిన 32 ప్రశ్నల దగ్గరా ఒక్కోచోట ఆగి, ‘‘ఇది ఎందుకు పోయిందమ్మా?’’ అని అడగాలి. కోప్పడకుండా అడగాలి. కోప్పడితే పిల్లలు అన్నిటికీ ‘సిల్లీ మిస్టేక్’ అనే చెబుతారు.

జవాబులు నాలుగు రకాలుగా వస్తాయి. ఆ పాఠమే సరిగా చదవలేదు. చదివాను, తెలుసు, ‘కానిది ఏది’ అన్న మాట చూసుకోలేదు. తెలియదు, ఏదో ఒకటి పెట్టేశాను. టైం చాల్లేదు, ఆ ప్రశ్న చదవనే లేదు. ఒక్కో రకం పక్కన ఒక్కో రంగు చుక్క పెడుతూ పోతే గంటన్నరలో పేపరంతా మచ్చలు పడుతుంది. ఆ మచ్చలే చెబుతాయి, ఏడాది ఖర్చు పెట్టాలా వద్దా అన్నది.

ఆ కావలి అమ్మాయి లెక్కే తీసుకుంటే, ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో కలిపి 24 తప్పులు. అవన్నీ ఊహించి పెట్టినవే అనుకుంటే, కొత్తగా ఒక్క పాఠం నేర్చుకోకుండా కేవలం చేయి ఆపుకున్నా 24 మార్కులు పెరుగుతాయి. దానికి ఏడాది అక్కర్లేదు, పది గ్రాండ్ టెస్టులు, అంటే పూర్తి సిలబస్ మీద నమూనా పరీక్షలు, చాలు. ఇక తప్పు ఒప్పయితే ఒక్కో ప్రశ్నకి ఐదు మార్కుల తేడా: పోయిన ఒకటి తిరిగొస్తుంది, రావాల్సిన నాలుగు వస్తాయి. మొత్తం 36 తప్పుల్లో సగం, అంటే 18 సరిదిద్దుకుంటే 90 మార్కులు. 412 కాస్తా 502 అవుతుంది. ఇది గాల్లో కట్టిన మేడ కాదు, ఎందుకంటే ఏ పద్దెనిమిదో వేలు పెట్టి చూపించొచ్చు.

అదే ఫిజిక్స్‌లో వదిలేసిన 18 దగ్గరకొస్తే కథ వేరు. బైపీసీ పిల్లలకు పదో తరగతితోనే మ్యాథ్స్ ఆగిపోతుంది. ఫిజిక్స్ పేపరు మాత్రం వెక్టర్లు, త్రికోణమితి, లాగరిథమ్‌లు, కాస్త అవకలనం తెలుసనుకునే అడుగుతుంది. సూత్రం గుర్తుంటుంది, లెక్క చేతికి రాదు. చాలామంది పిల్లలు ‘నాకు ఫిజిక్స్ రాదు’ అనుకుంటారు గానీ, పట్టి చూస్తే వాళ్లకు రానిది ఫిజిక్సులోని గణితం. మంచి మాస్టారు నెలన్నర కూర్చోబెడితే ఆ గడ్డ కరుగుతుంది. పైగా 2021 నుంచి 2024 దాకా 200 ప్రశ్నల్లో 180 రాసే వెసులుబాటు ఉండేది. 2025 నుంచి అది పోయింది. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం. బయాలజీని ముప్పావుగంటలో ముగించగలిగిన పిల్లలకే ఫిజిక్స్ లెక్కలకు ఊపిరి దొరుకుతుంది.

ఇలా పేరు పెట్టి చెప్పగలిగిన లోటు ఉంటే, అది ఏడాదిలో పూడేదే అయితే, లాంగ్‌టర్మ్‌కి అర్థముంది. పేపరు ముందేసుకున్నా లోటు పేరు తెలియకపోతే, ‘ఇంకా బాగా చదవాలి’ అన్న మాట దగ్గరే ఆగిపోతే, మళ్లీ అదే పుస్తకాలతో అదే హాస్టల్లో అదే మార్కులు రావడానికే అవకాశం ఎక్కువ.

ఎవరికి ఏడాది కలిసొస్తుందో మన నెల్లూరు, ప్రకాశం వైపు కాస్త గమనిస్తే కనిపిస్తుంది. ఉదయగిరి, కనిగిరి, గిద్దలూరు లాంటి చోట్ల ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిన పిల్ల ఉందనుకోండి. ఇంటర్ పరీక్షల కోసమే చదివింది. లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉండి ఫిజిక్స్ సగం పాఠాలు సొంతంగా చూసుకుంది. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయ్యాక నీట్‌కి మిగిలింది నెలా నెలన్నర. మొదటి ఏడాది పాఠాలు అప్పటికే మసకబారాయి. అయినా 330 తెచ్చుకుంది. ఆ పిల్ల నీట్ కోసం ఇంకా మొదటిసారి చదవనే లేదు. ఆమెకు లాంగ్‌టర్మ్ అంటే రెండో ప్రయత్నం కాదు, అసలైన తొలి ప్రయత్నం. తెలుగు మీడియం పిల్లలదీ ఇదే దారి. నీట్‌ని తెలుగులోనూ రాయొచ్చు, కానీ మంచి మెటీరియల్, టెస్టులు దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. ఆ భాష అలవాటు పడటానికే నాలుగు నెలలు పడుతుంది. ఇలాంటి పిల్లలను ‘పరీక్ష పోయింది, డిగ్రీలో చేరు’ అని ఆపేయడం అన్యాయం. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే డబ్బు దగ్గర తడబడి ఆగిపోయేది ఎక్కువగా వీళ్లే.

ఇంకో పిల్లవాడిని చూడండి. ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు. ఇంటర్ రెండేళ్లూ విజయవాడ దగ్గర రెసిడెన్షియల్ క్యాంపస్‌లో. పొద్దున ఐదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి దీపాలు ఆర్పడం. వారానికో టెస్టు. ఐదేళ్లు ఇలా చదివితే 430 వచ్చింది. ఇతన్ని మళ్లీ అదే గొలుసు కాలేజీ లాంగ్‌టర్మ్ సెక్షన్‌లో వేస్తే దొరికేది పాత మందే, రెండో డోసు. ఇతనికి సిలబస్ తెలియక మార్కులు పోలేదు. అలసిపోయి పోయాయా, భయంతో పోయాయా, అసలు ఇష్టం లేకా అన్నది తేలాలి. ఇతను ఏడాది తీసుకోకూడదని కాదు. తీసుకుంటే పద్ధతి మారాలి. ఇంటి దగ్గరుండి, ఫిజిక్స్‌కి ఒక మాస్టారు, టెస్ట్ సిరీస్ ఒకటి, ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకం వాక్యం వాక్యం. నెల్లూరులో ఇలా ఇంటిపట్టున చదివేవాళ్లకు దారి లేకపోలేదు. ఇక్కడ ట్యూషన్ల సంస్కృతి పాతది. నారాయణ సంస్థ 1979లో మొదలైంది ఈ ఊళ్లోనే, చిన్న ట్యూషన్‌గా.

సిలబస్ గురించి ఒక మాట. జాతీయ వైద్య కమిషన్ 2024 నీట్‌కి సిలబస్‌లో కొన్ని పాఠాలు తీసేసింది. అన్నయ్య పుస్తకాలు, పాత మెటీరియల్ పెట్టుకుని చదివేవాళ్లు కొత్త సిలబస్ కాగితం పక్కన పెట్టుకోవాలి. ఇంటర్ మార్కులను నీట్ ర్యాంకులో కలపరు కూడా. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో జనరల్ వాళ్లకు 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉంటే సరిపోతుంది. అందుకని ఇంటర్ ఇంప్రూవ్‌మెంట్ రాస్తూ ఆ నెలలు పోగొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు రెండో కాగితం, సీట్ల కేటాయింపు జాబితా. ఎంత దూరంలో ఆగిపోయాం అన్నది మార్కుల్లో కొలిస్తే మోసపోతాం. 2024లో సవరించిన ఫలితాల తర్వాత కూడా 720కి 720 వచ్చినవాళ్లు 17 మంది ఉన్నారు. 2025లో దేశం మొత్తానికి మొదటి ర్యాంకు వచ్చిన మార్కులే 686. జనరల్ అర్హత మార్కు 2024లో 162, మరుసటి ఏడాది 144. పేపరు కఠినంగా వస్తే అందరికీ తగ్గుతాయి. కాబట్టి ‘‘పక్కింటోళ్ల పిల్లకి నిరుటేడు ఇన్ని మార్కులకే సీటొచ్చిందంట’’ అన్న మాట పట్టుకుని లాభం లేదు. చూడాల్సింది ర్యాంకు. అదీ మన కేటగిరీలో, మన లోకల్ ఏరియాలో, చివరి విడతలో ఎంత ర్యాంకు దాకా కన్వీనర్ సీటు, అంటే ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకి ఇచ్చే సీటు, వెళ్లిందన్నది.

లోకల్ ఏరియా అన్నచోటే నెల్లూరు, ప్రకాశం విడిపోతాయి. ప్రభుత్వ కాలేజీల ఎంబీబీఎస్ సీట్లలో జాతీయ కోటాకి 15 శాతం పోగా మిగిలినవి రాష్ట్రం నింపుకుంటుంది. వాటిలో 85 శాతం స్థానికులవి. ఆ స్థానికత జిల్లాను బట్టి కాక విశ్వవిద్యాలయ ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. నెల్లూరు జిల్లా శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది, రాయలసీమ జిల్లాలతో కలిసి. ప్రకాశం ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది, గుంటూరు నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న జిల్లాలతో కలిసి. అంటే నెల్లూరు దర్గామిట్టలోని ఏసీఎస్సార్ ప్రభుత్వ వైద్య కళాశాలలో స్థానిక సీటుకి కావలి పిల్ల పోటీ పడేది కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు పిల్లలతో. అక్కడికి కొద్ది దూరంలో ఉన్న సింగరాయకొండ పిల్ల ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల కోసం పోటీ పడేది కృష్ణా, గోదావరి, విశాఖ పిల్లలతో. ఒకే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కే ఊళ్లు, ఒకే ర్యాంకు, రెండు వేర్వేరు క్యూలు. రెండు క్యూల్లో చివరి ర్యాంకు ఒకటే ఉండాలన్న నియమం లేదు. ఒంగోలులో ఉన్న బంధువు చెప్పిన కటాఫ్ నెల్లూరు పిల్లకి పనికిరాదు.

ఇందులో గందరగోళపడే ఊళ్లూ ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు నుంచి అటు వెళ్లాయి. 2022 విభజనలో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది. ఆ తర్వాత కూడా జిల్లాల హద్దులు మారాయి. ఇలాంటి చోటివాళ్లు ప్రాస్పెక్టస్‌లో లోకల్ ఏరియా నిర్వచనం ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. ఇల్లు ఎక్కడుందన్నది ముందు చూడరు, ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ ఒకే ప్రాంతంలో చదివుంటే ఆ ప్రాంతం. అలా లేకపోతే ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ. కావలిలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్ విజయవాడలో చదివిన పిల్లవాడికి నాలుగేళ్ల లెక్క కుదరదు గానీ ఏడేళ్లలో ఐదేళ్లు కావలివే కాబట్టి శ్రీవేంకటేశ్వర ప్రాంతమే వస్తుంది. ఇంటర్ పాసయ్యాక లాంగ్‌టర్మ్ కోసం హైదరాబాద్ వెళ్లినా చెన్నై వెళ్లినా ఈ లెక్క మారదు. తెలంగాణ సీట్ల మీద ఆశ మాత్రం పెట్టుకోవద్దు. విభజన చట్టం కింద పదేళ్లు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది.

డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విడతలవారీగా సీట్ల కేటాయింపు జాబితాలు వెబ్‌సైటులో పెడుతుంది. అందులో చివరి విడతది తెరిచి, మన కేటగిరీలో చివరి పేరు పక్కనున్న ర్యాంకు చూడాలి. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు ప్రత్యేకంగా ఉంటాయి, ఆ వరస కూడా విడిగా చూసుకోవాలి. మొదటి విడత చూసి నిరాశపడేవాళ్లు చాలామంది. తర్వాతి విడతల్లో ర్యాంకు కిందికి జారుతుంది. ఆ చివరి ర్యాంకుకీ మన ర్యాంకుకీ మధ్య దూరం, ఇందాక భోజనాల బల్ల మీద వేలు పెట్టి చూపించిన మార్కులతో దాటగలమా? ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే జవాబు చాలావరకు అక్కడే ఉంటుంది.

డబ్బు సంగతి దాచుకునేది కాదు. హాస్టల్‌తో కలిపి లాంగ్‌టర్మ్ లక్ష దాటడం మామూలే. దీన్ని ఖర్చుగా చూసేవాళ్లు, మరోపక్క ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీటుకి ఏడాదికి పన్నెండు లక్షల పైచిలుకు కట్టాలన్నది కూడా చూడాలి. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటావే, వాటి ఫీజు వేలల్లోనే ఉంటుంది. కన్వీనర్ సీటుకి కొద్ది దూరంలో ఆగిన పిల్లకి పొలం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనడం కంటే ఒక ఏడాది ఇవ్వడం ఎంతో నయం. పొగాకు ధర పడిపోయిన ఏడు ఆ లక్ష కూడా అప్పే అవుతుందన్నదీ నిజమే. అప్పు చేసి చేర్పించిన సంగతి పిల్లకి ప్రతి ఆదివారం ఫోన్‌లో గుర్తుచేసే ఇల్లయితే, ఇంటి దగ్గర చదివించడమే మేలు.

విదేశాల గురించి ఇక్కడ క్లుప్తంగా. అక్కడికి వెళ్లాలన్నా నీట్ అర్హత కావాలి, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిషులో సాగాలి, ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. ఏజెంటు చూపించే రంగుల కాగితంలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

అగ్రికల్చర్ బీఎస్సీ, ఫార్మసీ వైపు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు ఉన్న పిల్లలకు ఇంకో ఇబ్బంది. ఆ సీటు తీసుకుని చదువుతూ మళ్లీ నీట్ రాద్దామనుకుంటారు. మొదటి సెమిస్టర్ ల్యాబులు, రికార్డులు మొదలయ్యాక రెండు పడవల మీద కాళ్లు ఆనవు. అగ్రికల్చర్ మీద నిజంగా ఇష్టముంటే అది రెండో రకం చదువేమీ కాదు, మన జిల్లాల్లో ఆ పట్టాకి పని ఉంది. ఇష్టం లేకుండా చేరేవాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడు ఇస్తారు అన్నవి చేరే ముందే చదువుకోవాలి. బీడీఎస్ తీసుకుని మళ్లీ ఎంబీబీఎస్ కోసం రాసేవాళ్లకూ ఇదే మాట.

ఇంతసేపూ కాగితాల గురించే మాట్లాడుకున్నాం. కాగితాల్లో దొరకనిది ఒకటుంది. పిల్లకి డాక్టరు కావాలనుందా? అందరి ముందూ అడిగితే ‘ఊ’ అంటుంది. ఫలితం వచ్చిన రోజు అసలు అడగకూడదు. నాలుగు రోజులు ఆగి, అమ్మమ్మ ఇంటికో మైపాడు బీచికో తీసుకెళ్లి, తిరిగొచ్చేటప్పుడు అడగాలి. ‘‘వద్దంటే నాన్న ఏమనుకుంటాడో’’ అన్న భయం లేకుండా ‘వద్దు’ అనగలిగే చోట అడిగినప్పుడు చెప్పే ‘కావాలి’కే విలువ. ఇష్టం లేని పిల్లని ఏడాదిపాటు గదిలో కూర్చోబెట్టొచ్చు, చదివించలేం.

లాంగ్‌టర్మ్‌లో ఒంటరితనం ఇంటర్ కంటే ఎక్కువ. క్లాస్‌మేట్లు కాలేజీల్లో చేరి ఫొటోలు పెడుతుంటారు. పెళ్లికి వెళితే ‘‘ఏం చదువుతున్నావమ్మా?’’ అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి జడిసి పండగలకి రావడం మానేసే పిల్లలున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలన్నది అందులో ఒకటి. చేర్పించడానికి వెళ్లినప్పుడు ఏసీ గదులు చూపిస్తారు. ‘‘కౌన్సెలర్ ఎక్కడ కూర్చుంటారు? ఒకసారి కలవొచ్చా?’’ అని అడగండి. ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారా, రోజూ ఫోన్ మాట్లాడనిస్తారా అనీ అడగండి. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం కనిపిస్తే, ‘నావల్ల మీకు నష్టం’ లాంటి మాటలు వింటే టెస్టు ఉందా లేదా అని చూడకుండా వెళ్లి ఇంటికి తీసుకొచ్చేయాలి. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చేర్పించాక కూడా నిర్ణయం అయిపోయినట్టు కాదు. దసరాకి పిల్ల ఇంటికొచ్చినప్పుడు అప్పటిదాకా రాసిన గ్రాండ్ టెస్టుల్లో ఫిజిక్స్ ఒక్కటే తీసి చూడాలి. జూన్‌లో 53 దగ్గరున్నది దసరాకి 90 దాకా వచ్చిందా? మొత్తం మార్కులు చూస్తే బయాలజీ పెరుగుదల మిగతా లోటును కప్పేస్తుంది, అందుకే లోటున్న సబ్జెక్టునే విడిగా చూడాలి. కదలిక లేకపోతే మాస్టారితో మాట్లాడటానికి, చోటు మార్చడానికి అప్పటికింకా ఆరేడు నెలలు చేతిలో ఉంటాయి. సంక్రాంతికి తెలిస్తే ఏమీ చేయలేం.

ఇక రెండో లాంగ్‌టర్మ్. దీని గురించి అడిగే ఇళ్లు ఏటా కనిపిస్తాయి, ఆ ఇళ్లలో మాట నెమ్మదిగా నడుస్తుంది. మొదటి ఏడాదిలో మార్కులు కాక ర్యాంకు బాగా మెరుగై, చివరి విడత సీటుకి కొద్దిలో తప్పిపోతే, పిల్లే మళ్లీ రాస్తానంటే, ఒప్పుకోవచ్చు. ర్యాంకు ఉన్నచోటే ఉంటే మూడోసారి అదే దారి పట్టించకూడదు. ఈ గీత ఫలితం వచ్చిన రోజు గీయలేం. ఆ రోజు అందరి మనసులూ కలతగా ఉంటాయి. మొదటిసారి చేర్పించే జూన్‌లోనే గీయాలి. ఒక తెల్లకాగితం మీద పిల్ల తన చేత్తో రాయాలి: ఏ ర్యాంకు లోపు వస్తే ఏ సీటు తీసుకుంటాను, ఏ ర్యాంకు దాటితే ఇంకెందులో చేరతాను. కింద తేదీ వేసి, ఆ 412 మార్కుల ఓఎమ్మార్ కాగితంతో కలిపి మడిచి, పొలం పాసుపుస్తకం ఉండే బీరువాలో పెట్టాలి. మరుసటి జూన్‌లో ఫలితం వచ్చిన నాలుగో రోజున ఆ కాగితం పిల్లే తీయాలి.